చెక్క చెంచా, జొన్న చెంచా: ముందస్తు డబ్బుతో చేతి వస్తువు అమ్మాలంటే తెలుసుకోవాల్సిన లెక్క

పైన వీడియోలో చెంచా చెక్కడం చూపించాం. చూసినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "ఇట్లాంటి వస్తువు ఆన్‌లైన్‌లో పెడితే జనం ముందే డబ్బు కడతారంట కదా, ఎట్లా?" చెంచా ఒక్కటే కాదు. జీవామృతం వడపోసే డ్రమ్ము, చిన్న చెక్క గానుగ, కలుపు తీసే పనిముట్టు... చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఏ ఊరికి వెళ్లినా ఒక వడ్రంగో, ఒక రైతో సొంతంగా ఏదో ఒకటి చేసి ఇంట్లో పెట్టుకోనున్నాడు. దాన్ని పదిమందికి చేర్చే దారి తెలియక అది మూలన పడి ఉంటుంది. ఆ దారి గురించి, దాంట్లో ఉన్న గుంత గురించి కూడా, వీడియోలో చెప్పడానికి వీలుపడని లెక్కలతో ఇక్కడ రాస్తున్నా.

(మన చేజర్ల అంటే పెన్న పక్క చేజర్ల. ఆన్‌లైన్‌లో ఆ పేరు కొడితే ముందు వచ్చేది పల్నాడులోని కపోతేశ్వరస్వామి చేజర్ల. వస్తువు అమ్మేటప్పుడు "నెల్లూరు జిల్లా, ఆత్మకూరు దగ్గర" అని పక్కన రాయకపోతే కొనేవాళ్లు దారి తప్పుతారు. చిన్న విషయమే, కానీ పనికొస్తుంది.)

క్రౌడ్‌ఫండింగ్ అనే మాట కొత్తది గానీ పని మనకు కొత్త కాదు. మొలగొలుకులు వడ్లు నాటు వేసినప్పుడే నలుగురు పట్నం వాళ్లు "నాకు రెండు బస్తాలు బియ్యం, నాకు ఒకటి" అని అడ్వాన్స్ ఇస్తారు, కోత అయ్యాక బియ్యం పంపిస్తాం. ఇది కూడా అదే. వస్తువు ఇంకా తయారు కాలేదు, నమ్మకం మీద జనం డబ్బు ముందే ఇస్తారు, ఆ డబ్బుతో వస్తువు తయారుచేసి పంపాలి. తేడా ఎక్కడంటే, పొలంలో ఎకరాకి ఎన్ని బస్తాలు వస్తాయో మనకు తెలుసు కాబట్టి అంతకు మించి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం. ఆన్‌లైన్‌లో ఆ గట్టు ఉండదు. వీడియో పది లక్షల మంది చూశారంటే డబ్బు ఆగకుండా వచ్చి పడుతుంది, మన చేతులు మాత్రం అవే రెండు.

దీనికి మన తెలుగు నేల మీదే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. అది కూడా చెంచా కథే. హైదరాబాద్‌లో నారాయణ పీసపాటి గారు, ఇక్రిశాట్‌లో పరిశోధకుడిగా పనిచేసినాయన, 2010లో బేకీస్ అనే సంస్థ పెట్టి తినే చెంచాలు తయారుచేశారు. జొన్న పిండి, బియ్యప్పిండి, గోధుమపిండి కలిపి, అచ్చులో పెట్టి, గట్టిగా కాల్చిన చెంచా. దాంతో భోజనం చేసి చివర్లో చెంచా కూడా తినేయొచ్చు, తినకపోతే మట్టిలో కలిసిపోతుంది. ఆయనకి ఈ ఆలోచన వచ్చిన దారి మనం ప్రత్యేకంగా గమనించాల్సింది. ఆయన భూగర్భజలాల మీద పనిచేశారు. ఉచిత కరెంటుతో బోర్లు తోడి వరి వేస్తుంటే నీళ్లు ఎట్లా అడుగంటుతున్నాయో చూశారు. జొన్నకి నీళ్లు తక్కువ చాలు, కానీ తినేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి రైతు వేయడం లేదు. జొన్నకి కొత్త గిరాకీ పుట్టిస్తే రైతు మళ్లీ జొన్న వేస్తాడు, నీళ్లు మిగులుతాయి. అంటే చెంచా వెనక ఉన్నది పొలమే. ప్లాస్టిక్ మీద కోపం ఒక్కటే అయితే ఆయన ఇంకేదైనా చేసి ఉండేవారు.

ఆ చెంచా అయిదారేళ్లు పెద్దగా ఎవరికీ పట్టలేదు. 2016 మార్చిలో ఒక చిన్న వీడియో ఆన్‌లైన్‌లో విపరీతంగా తిరిగింది. వెంటనే కిక్‌స్టార్టర్ అనే అమెరికా వేదిక మీద 20 వేల డాలర్లు అడిగితే, 9 వేల మందికి పైగా కలిసి 2 లక్షల 78 వేల డాలర్లకి పైగా కట్టారు. అడిగినదానికి దాదాపు 14 రెట్లు. పత్రికల్లో పండగే పండగ.

ఇప్పుడు చెంచాల వైపు నుంచి చూడండి. కట్టిన 9 వేల మందికి ఒక్కొక్కరికి వంద చెంచాలు అనుకున్నా 9 లక్షల చెంచాలు. అప్పటిదాకా నడిచింది చిన్న తయారీ. లక్షల్లో చేయాలంటే యంత్రాలు కావాలి, ఆ యంత్రాలు బజార్లో దొరికేవి కావు, ఎందుకంటే ఈ వస్తువు అంతకుముందు లోకంలో లేదు. యంత్రాన్నే ముందు కనిపెట్టాలి. ఆపైన దేశదేశాలకి పార్సిళ్లు. చెప్పిన గడువుకి సరుకు అందక చాలామంది నెలల తరబడి ఎదురుచూశారు. మెచ్చుకున్న జనమే నిలదీశారు.

ఆయన ఆలోచనలో లోపం ఉందని నేను అనను. జొన్నను భుజాన వేసుకున్న మనిషి అంటే మనందరికీ గౌరవమే. ఇది అందరికీ జరిగేదే. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఈథన్ మోలిక్ అనే ప్రొఫెసర్ కిక్‌స్టార్టర్ ప్రాజెక్టుల మీద 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. డిజైన్, టెక్నాలజీ వస్తువులు తయారుచేసిన వాళ్లలో నూటికి 75 మందికి పైగా చెప్పిన తేదీ కంటే ఆలస్యంగానే ఇచ్చారని తేలింది. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది అందులో: అడిగినదానికంటే ఎంత ఎక్కువ డబ్బు వస్తే ఆలస్యం అంత పెరుగుతోంది. డబ్బు తక్కువైతే పని ఆగడం మనకు అనుభవమే. డబ్బు ఎక్కువై పని ఆగడం అనేది కొత్తగా నేర్చుకోవాల్సిన సంగతి.

మరి ఎవరూ గట్టెక్కలేదా అంటే, ఎక్కారు. తేనెటీగలు పెంచేవాళ్లు ఫ్లో హైవ్ పేరు వినే ఉంటారు. ఆస్ట్రేలియాలో స్టువర్ట్ ఆండర్సన్, ఆయన కొడుకు సీడర్ కలిసి చేసిన పెట్టె. చట్రాలు బయటికి తీయకుండా, తాళంచెవి లాంటిది తిప్పితే లోపలి గదులు పక్కకి జరిగి తేనె గొట్టంలోంచి సీసాలోకి కారుతుంది. 2015 ఫిబ్రవరిలో ఇండిగోగో వేదిక మీద 70 వేల డాలర్లు అడిగితే కోటీ 20 లక్షల డాలర్లకి పైగా వచ్చాయి. ఇక్కడ కూడా వరదే వచ్చింది, కానీ తట్టుకున్నారు. నా లెక్కలో కారణాలు రెండు. ఒకటి, జనం ముందుకి రాకముందు తండ్రీకొడుకులు దాదాపు పదేళ్లు దాని మీద కూర్చున్నారు, నమూనాలు పెట్టి తేనె తీసి చూశారు. రెండోది, అది ప్లాస్టిక్ అచ్చులో పోసే వస్తువు. అచ్చు ఒకసారి కుదిరితే వెయ్యి పోసినా లక్ష పోసినా ఫ్యాక్టరీ పని. అయినా తలనొప్పులు తప్పలేదు. కొన్నాళ్లకే చవక నకళ్లు ఆన్‌లైన్‌లోకి వచ్చేశాయి. "కుళాయి తిప్పితే తేనె" అనుకుని ఈగల బాగోగులు పట్టించుకోకుండా కొంటారని పాత తేనెటీగల పెంపకందార్లు విమర్శించారు. నాకు ఆ విమర్శ సబబే అనిపిస్తుంది. ఇంకో మాట, అది ఐరోపా తేనెటీగ కోసం చేసిన పెట్టె. మన పుట్టతేనె ఈగకి సరిపోతుందని ఎవరైనా అమ్మజూపితే వెంటనే డబ్బు కట్టకండి.

ఇప్పుడు మన ఉదయగిరికి వద్దాం. దుర్గం కొండల కింద ఉన్న ఊరు, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్న కోట. ఆ ఊరి చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలకి భౌగోళిక గుర్తింపు ఉంది, అందరూ జీఐ ట్యాగ్ అంటారు కదా, అది. బిక్కి, దేవదారి లాంటి కర్రలతో చేస్తారు. దేవదారి అనగానే హిమాలయాల దేవదారు అనుకోకండి, ఇది మన రాళ్ల కొండల్లో పెరిగే చిన్న చెట్టు. కర్రను ముక్కలు కోసి, బాడిశతో రూపం తెచ్చి, ఉలితో గుంట తొలిచి, ఆకురాయితో రాకి, ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు. ఇంటిల్లిపాదీ కూర్చునే పని, ఆడవాళ్లూ చేస్తారు. 2022 జులై 1 నుంచి దేశమంతా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు నిషేధించారు. దాంతో చెక్క చెంచాకి మంచి రోజులు వచ్చాయని అందరూ అంటున్నారు. రావచ్చు. కానీ పెళ్లి భోజనాల్లో వాడి పారేసే చెంచా వేరు, ఏళ్ల తరబడి ఇంట్లో ఉండే ఉదయగిరి చెంచా వేరు. మొదటిదానితో ధరలో పోటీపడబోతే రెండోది చస్తుంది.

పైన చెప్పిన రెండు కథల్లో ఉదయగిరి చెంచా ఏ కథకి దగ్గర? దానికి అచ్చు లేదు. ప్రతి చెంచా ఒక మనిషి చెయ్యి. కాబట్టి ఇలాంటి వస్తువుకి ముందస్తు డబ్బు అడిగేటప్పుడు మొదట తేల్చాల్సింది డబ్బు కాదు, చేతులు. లెక్క కోసం అనుకున్న అంకెలతో చెప్తా, మీ అంకెలు మీరు వేసుకోండి. ఒక మనిషి రోజుకి పది మంచి చెంచాలు చేస్తాడనుకుందాం. నలుగురు ఉన్నారు, రోజుకి 40. నెలలో పండగలు, జ్వరాలు, పొలం పనులు తీసేస్తే 20 రోజులు, 800 చెంచాలు. పగిలినవి, నునుపు రానివి నూటికి పది తీసేయండి, 720. నాలుగు చెంచాల సెట్టు అమ్మితే నెలకి 180 సెట్లు. మూడు నెలల గడువు పెట్టి ముందస్తు ఆర్డర్లు తీసుకుంటే 540 సెట్లు. నేనైతే అందులో మూడోవంతు వదిలేసి 360 దగ్గర గేటు మూసేస్తా. 361వ మనిషి డబ్బు పట్టుకుని నిలబడినా "అన్నా, తర్వాత విడతలో ఇస్తాం, పేరు రాసుకుంటాం" అని చెప్పాల. ఇట్లా చెబితే గిరాకీ పోతుందని భయపడతారు. నేను చూసినంతవరకు వరసలో నిలబడ్డ మనిషి పారిపోడు, డబ్బు కట్టి వస్తువు అందనివాడే పోతాడు, పోతూ పదిమందిని తీసుకుపోతాడు.

చేతుల తర్వాత కర్ర. ఇది మన రైతుల పాత్ర ఉన్న చోటు, అందుకే ఈ పాఠం మనకి. విశాఖ పక్క ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. అక్కడ సి.వి. రాజు గారు గింజలు, బెరళ్లు, ఆకుల నుంచి తీసిన సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2020లో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఆ బొమ్మల గురించి చెప్పారు. అంత పేరు వచ్చాక కూడా అంకుడు కర్ర లేకపోతే బొమ్మ లేదు. ఉదయగిరి చెంచాకి కూడా అంతే. ఆన్‌లైన్‌లో ఆర్డర్లు పది రెట్లు పెరిగితే కొండ మీద చెట్లు పది రెట్లు పెరగవు. అడవి కర్ర మీదే ఆధారపడి వేల ఆర్డర్లు పట్టుకోవడం అంటే అడవినీ, పనివాళ్లనీ ఇద్దర్నీ ఇరకాటంలో పెట్టడమే. మన గట్ల మీద, బీడు చెక్కల్లో ఈ జాతులు పెంచితే పదేళ్లకో పదిహేనేళ్లకో కర్ర వస్తుంది. ఇవి మన నేలకి అలవాటుపడ్డ చెట్లు, తొలి రెండేళ్లు కాపాడితే ఆ తర్వాత వాటంతట అవే బతుకుతాయి. అయితే పట్టా భూమిలో చెట్టయినా కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాల్సిన సందర్భాలు ఉన్నాయి, తరలించడానికి అటవీశాఖ పర్మిట్ కావాల్సిన జాతులూ ఉన్నాయి. ఏ చెట్టుకి ఏ కాగితం అన్నది నాటకముందే అడగండి, కొట్టాక కాదు.

మీది పాత చేతిపని కాకుండా కొత్తగా కనిపెట్టిన పనిముట్టు అయితే ఇంకో జాగ్రత్త ఉంది. వీడియో ముందా, పేటెంటు ముందా? పేటెంటే ముందు. వస్తువు పనిచేసే తీరు మొత్తం వీడియోలో చూపించేశాక అది కొత్తది అని చెప్పుకోవడం కష్టమవుతుంది. తాత్కాలిక దరఖాస్తు ఒకటి వేసుకుంటే పూర్తి దరఖాస్తుకి 12 నెలల గడువు ఉంటుంది, ఆ తర్వాత నిశ్చింతగా వీడియో పెట్టుకోవచ్చు. గ్రామీణ ఆవిష్కర్తలకి ఈ పనిలో సాయపడేది నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్, మన రెండు రాష్ట్రాల్లో అలాంటి మనుషుల్ని వెతికిపట్టే సంస్థ పల్లె సృజన.

ఆలేరు చింతకింది మల్లేశం గారి పేరు మీకు తెలుసు, సినిమా కూడా వచ్చింది. ఆరో తరగతిలో బడి మానేసిన మనిషి. చీరకి ఆసు పోయడానికి వాళ్లమ్మ లక్ష్మి గారు వేలసార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక 1992లో మొదలుపెట్టి, 1999కి ఆసు యంత్రం పూర్తి చేశారు. అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ. ఆయనకి ఆన్‌లైన్ జనం లేరు, ముందస్తు డబ్బు లేదు, అప్పులే ఉన్నాయి. కానీ మనకి లేనిది ఒకటి ఆయనకి ఉంది: యంత్రం వాడాల్సిన వాళ్లంతా పక్క వీధుల్లోనే ఉన్నారు. పోగు తెగితే మర్నాడు పొద్దున్నే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాడికి ఆ సౌకర్యం ఉండదు. అందుకే ముందు చుట్టుపక్కల పది ఇళ్లలో, పది పొలాల్లో ఒక పంటకాలం వాడించి చూడండి. జీవామృతం డ్రమ్ము అయితే డ్రిప్ పైపులు నిజంగా మూసుకుపోవడం లేదా అన్నది మూడు నెలలు వాడితే గానీ తేలదు. చెంచా అయితే పులుసులో, వేడి పాలల్లో, గిన్నెలు తోమే సబ్బులో నానాక ఎట్లా ఉందో చూడాలి.

డబ్బు తీసుకునే తీరు గురించి కొద్దిగా. కిక్‌స్టార్టర్‌లో నేరుగా ప్రాజెక్టు పెట్టగలిగే దేశాల్లో మన దేశం లేదు. ఆ వేదిక వచ్చినదాంట్లో నూటికి 5 తీసుకుంటుంది, చెల్లింపు ఖర్చులు వేరే. మనకి అంత దూరం అవసరం కూడా లేదు. ఒక వీడియో, ఒక వాట్సాప్ నంబరు, యూపీఐ, నోటుబుక్కు చాలు. కానీ "మా వ్యాపారంలో వాటా ఇస్తాం, లాభం పంచుతాం" అని తెలియని జనం దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవద్దు. దానికి సెబీ అనుమతి లేదు, 2016లో జనాన్ని హెచ్చరించింది కూడా. "డబ్బు కట్టండి, ఫలానా తేదీకి ఫలానా వస్తువు పంపిస్తాం" అనేంతవరకే ఉండండి. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పేరున అడ్వాన్సులు తీసుకునేవాళ్లు ఇంకో తేదీ గుర్తుపెట్టుకోవాలి: సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకి 365 రోజుల్లోపు సరుకు ఇచ్చేయాలి, లేకపోతే కంపెనీల చట్టం దాన్ని డిపాజిట్‌గా చూస్తుంది, అప్పుడు ఆడిటర్ దగ్గర చిక్కు. పనిముట్లు కొనడానికే డబ్బు కావాలంటే అడ్వాన్సు కంటే అప్పు మేలు. 2008లో మొదలైన రంగ్ దే లాంటి వేదికల్లో మామూలు జనమే కొద్ది వడ్డీకి రైతులకి, చేతివృత్తుల వాళ్లకి అప్పు ఇస్తారు.

జీఐ పేరు విషయం కూడా. ఉదయగిరి చెంచా అని ఎవరుపడితే వాళ్లు రాసుకోకూడదు. అక్కడి తయారీదారుగా అధీకృత వాడకందారు నమోదు ఉన్నవాళ్లే ఆ గుర్తు వాడాలి. తప్పుగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష చట్టంలో ఉంది. మీరు చేజర్లలో వేపకర్రతో చెంచా చేస్తే దానికి మీ పేరే పెట్టుకోండి, మీ కర్ర గురించే చెప్పండి. ఉదయగిరి వాళ్ల దగ్గర కొని అమ్మితే ఎవరు చేశారో, వాళ్లకి ఎంత ఇచ్చారో వీడియోలో చెప్పండి. బియ్యం మన దగ్గర కొనేవాళ్లు ఆ మాటే ముందు అడుగుతారు కదా.

చివరిగా తేదీ ఎట్లా పెట్టాలి. మన నెల్లూరు జిల్లాలో గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ మూడు నెలలు కర్ర ఆరదు, ఆరకుండా మూటగట్టిన చెంచాకి దారిలోనే బూజు పడుతుంది. దీపావళి గిరాకీ కోసం అక్టోబరులో ఆర్డర్లు తీసుకుని నవంబరులో పంపుతామనడం మన వాతావరణానికి కుదరని మాట. సంక్రాంతి తర్వాత ఆర్డర్లు తెరవండి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చెక్కండి, నీడలో ఆరబెట్టండి, ఒక చేతి గానుగ నువ్వుల నూనె పూత ఇచ్చి మే నెలలో పంపండి. పంపేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, పాత నూలు గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. ప్రతి 15 రోజులకి ఒకసారి, పని ఎంతవరకు వచ్చిందో రెండు నిమిషాల వీడియో తీసి డబ్బు కట్టినవాళ్లకి పంపండి, పని వెనకబడినా సరే. నూనె ఎంత రాయాలి, ఎన్నాళ్లకోసారి మళ్లీ రాయాలి అన్నది పై వీడియోలో చివరి భాగంలో చూపించాం.